ఒక ట్రంకుపెట్టె, 22 పాత బట్టలు: తిరగకుట్టిన పని పూర్తి వివరం

2023 జూన్‌లో, బడులు తెరిచిన మొదటి వారం, ఒక ట్రంకుపెట్టె ఆటోలో నా దుకాణానికి వచ్చింది. మూత తీయగానే కలరా ఉండల వాసన గది నిండా పరుచుకుంది. పెట్టె తెచ్చినావిడ లెక్కలు చెప్పే ప్రభుత్వ ఉపాధ్యాయురాలు. సొంత ఊరు శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం ప్రాంతంలో. తండ్రి పోయి రెండేళ్లయింది. తల్లి శ్రీకాకుళంలో కూతురి దగ్గరే ఉంటున్నారు. ఊళ్లోని ఇల్లు ఖాళీ చేస్తూ ఈ పెట్టె తెచ్చుకున్నారు.

"పాత బట్టలకు స్టీలు సామాన్లు ఇచ్చేవాడికి వేయడానికి మనసు ఒప్పలేదక్కా. అలాగని బీరువాలో దాచుకుని చూసుకోవడం కూడా నాకు ఇష్టం లేదు. వేసుకోవాలి. బడికి వేసుకెళ్లాలి" అన్నారు.

ఆ చివరి మాట వల్లే ఈ పని ఒప్పుకున్నాను. శ్రీకాకుళంలో 19 ఏళ్లుగా కుడుతున్నాను. ఆరేళ్లుగా పాత బట్టలు తిరగకుట్టడమే ప్రధానమైన పని. ఎక్కువమంది జ్ఞాపకం కోసం దిండు గలీబో, గోడకు వేలాడదీసే గుడ్డో అడుగుతారు. వాటి మీద ఏ బరువూ పడదు కాబట్టి ఎలా కుట్టినా నిలుస్తాయి. బడికి వేసుకెళ్లే కుర్తా సంగతి వేరు. చెమట పడుతుంది, వారానికోసారి ఉతుకు పడుతుంది, స్కూటరు మీద గాలి లాగుతుంది. పాత బట్ట అంతటినీ తట్టుకునేలా కుట్టగలిగితేనే ఆ బట్టకు రెండో బతుకు దొరికిందని నేను ఒప్పుకుంటాను.

పెట్టెలో ఉన్నవి 22. తండ్రిగారి ఎనిమిది మూరల పొందూరు ఖద్దరు పంచెలు నాలుగు, కండువాలు రెండు, చొక్కాలు నాలుగు (రెండు టెర్రికాటన్, రెండు ఖద్దరు). తల్లిగారి చీరలు తొమ్మిది: అయిదు నూలు నేత చీరలు, మూడు పాలియెస్టర్ చీరలు, 1981 నాటి పెళ్లి పట్టుచీర ఒకటి. టీచరుగారి పాత చుడీదారు టాపులు మూడు.

పెట్టె అడుగున తుప్పు కనబడింది. అడిగితే తుపాను సంగతి చెప్పారు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు వాళ్ల ఇంటి పైకప్పు లేచిపోయింది. కొబ్బరి తోట, జీడిమామిడి తోట నేలకూలాయి. ఆ రోజుల్లో బట్టల పెట్టె గురించి ఎవరు ఆలోచిస్తారు? అడుగున చేరిన నీళ్లలో కింది మడతలు నాలుగైదు రోజులు నానాయి. తర్వాత ఎండలో వేసి, మళ్లీ అదే పెట్టెలో సర్దారు. ఈ విషయాన్ని విని, పుస్తకంలో రాసుకుని కూడా, తర్వాత ఒకచోట నిర్లక్ష్యం చేశాను. దాని ఫలితం ముందుముందు చెబుతాను.

బట్టను చదవడం

పాత బట్ట చేతికి రాగానే డిజైను గురించి మాట్లాడటం నేను మానేశాను. ముందు బలం చూడాలి. ఒకే చీరలో ఒక చోటు ఇంకో పదేళ్లు నిలిచేలా ఉంటుంది, జానెడు పక్కన వేలు పెడితే దిగబడుతుంది. అందుకే మొత్తం బట్టకు ఒకే తీర్పు చెప్పకూడదు.

మొదట ట్యూబులైటుకు అడ్డంగా పట్టి చూస్తాను. అరిగిన చోట వెలుగు పలచటి మచ్చలా కనిపిస్తుంది. తర్వాత బొటనవేళ్లు రెండూ పక్కపక్కన ఆనించి, బట్టను కిందనుంచి పైకి ఒత్తుతాను. పడుగు (నిలువు పోగుల) దిక్కున ఒకసారి, పేక (అడ్డం పోగుల) దిక్కున ఒకసారి. బలం ఉన్న నూలు వేళ్లను తిరిగి నెడుతుంది. లేనిది మెత్తగా విడిపోతుంది. అనుమానం ఉంటే అంచున చిన్న గాటు పెట్టి చింపుతాను. మంచి నూలు చర్రుమని చిరుగుతుంది, జీవం పోయినది చప్పుడు లేకుండా విడివడుతుంది. చివరగా అంచున రెండంగుళాలు మిషను కుట్టు వేసి, రెండు వైపులా లాగి చూస్తాను. కుట్టు రంధ్రాల వెంట బట్ట కోసుకుపోతే ఆ భాగం తొడుక్కునే బట్టకు పనికిరాదు.

ఏ నూలో, ఏ కలగలుపో తేలకపోతే రెండు పోగులు లాగి నిప్పు చూపిస్తాను. నూలు కాగితం కాలిన వాసనతో బూడిదవుతుంది. పట్టు వెంట్రుక కాలిన వాసన వేసి, నలిపితే పొడయ్యే ఉండ మిగులుస్తుంది. పాలియెస్టర్ కరిగి గట్టి పూసలా మారుతుంది.

వీటన్నిటికంటే నాకు ఎక్కువ చెప్పింది తల్లిగారు. రెండో రోజు కూతురితో పాటు వచ్చి, నేను నేల మీద పరిచిన చీరల పక్కన కూర్చున్నారు. నేను లైటుకు పట్టి వెతుకుతుంటే ఆవిడ చూడకుండానే చెప్పేవారు. "అది కట్టుకునే కత్తిపీట ముందు కూర్చునేదాన్నమ్మా, మోకాలి దగ్గర చూడు." మోకాలి దగ్గర నిజంగానే వెలుగు దూరింది. "ఇది చుట్టాలొచ్చినప్పుడు మాత్రమే కట్టాను, భుజం దగ్గర పిన్ను గుచ్చిన బెజ్జాలుంటాయి." ఉన్నాయి. ఒక ఆకుపచ్చ నేత చీర కొంగు చివర పసుపు మరక చూపించి, వంటింట్లో చేతులు తుడుచుకున్న కొంగు అదేనని కూతురు అన్నారు. పంచెల సంగతి కూడా తల్లిగారే చెప్పారు. ఆయన సాయంత్రం పడక కుర్చీలో కూర్చుని పేపరు చదివేవారట. రెండు పంచెలు అందుకే వెనకభాగంలో పలచబడ్డాయి.

అప్పటినుంచి నా పద్ధతిలో ఒక మార్పు చేసుకున్నాను. కట్టినవాళ్లు బతికి ఉంటే వాళ్లను, లేకపోతే ఇంట్లోవాళ్లను అడిగి, ఆ బట్టతో ఏ పని చేశారో ముందు రాసుకుంటాను. శరీరం ఎక్కడ పనిచేసిందో బట్ట అక్కడ అరిగింది. ఇప్పుడు తొడుక్కునే మనిషి శరీరం కూడా ఎక్కడో ఒకచోట పనిచేస్తుంది. ఈ రెండు చోట్లూ ఒకదాని మీద ఒకటి పడకుండా కత్తిరించగలిగితే సగం పని అయిపోయినట్టే. ఈ సంగతి అప్పటికి నాకు సగమే అర్థమైంది. పాత శరీరం గురించి అడిగాను, కొత్త శరీరం గురించి అడగలేదు.

సుద్దతో గుర్తులు పెట్టాను. ఎరుపు గీత పెట్టిన చోటు వదిలేయాలి, నీలం గీత చోట లోపల లైనింగు ఉండాలి, గీత లేని చోటు ఎలాగైనా వాడవచ్చు. ప్రతి బట్టకూ ఒక కాగితం మీద బొమ్మ గీసి అవే గీతలు అందులోనూ వేశాను. ఉతికితే సుద్ద పోతుంది, కాగితం ఉంటుంది.

ఏవి కత్తెరకు, ఏవి కాదు

నాలుగో పంచెకు జాందానీ నేతలో (మగ్గం మీదే పూలు నేసే పద్ధతి) అంచు ఉంది. ఎక్కడా వెలుగు దూరలేదు. దాన్ని కోయనని చెప్పేశాను. పొందూరులో కొండపత్తి, పునాస పత్తి దూదిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి, చేత్తో వడికి, మగ్గం మీద నేస్తారు. ఆ శ్రమ అంతా చెక్కుచెదరకుండా మిగిలిన బట్టను ముక్కలు చేయడం తిరగకుట్టడం కాదు, పాడుచేయడం. పంచె పంచెగానే కట్టుకునే మనిషి ఇంట్లో ఉంటే వాళ్లకే ఇవ్వాలి. టీచరుగారికి తమ్ముడున్నాడు, అతని కోసం తీసిపెట్టారు. తండ్రిగారి ఖద్దరు చొక్కాల్లో ఒకదాన్ని కూడా తల్లిగారు అడిగి వెనక్కి తీసుకున్నారు. కారణం నేను అడగలేదు.

పాలియెస్టర్ చీరలు మూడూ కొత్తవాటంత బలంగా ఉన్నాయి. అయినా కుర్తాలకు వద్దన్నాను. మన తీరం ఉక్కలో చెమట పీల్చని బట్ట వేసుకుని రోజంతా పిల్లల ముందు నిలబడటం శిక్ష. అవి నిక్షేపంగా ఉన్నాయి కాబట్టి చీరలుగానే వాటికి కట్టుకునేవాళ్లు దొరుకుతారు. రెండు నేత చీరలు, రెండు టాపులు మాత్రం పూర్తిగా జీవం పోయినవి. వాటిని బొంతకు పక్కన పెట్టాను.

మిగిలిన 13 నుంచి 11 వస్తువులు అనుకున్నాం: నాలుగు కుర్తాలు, మూడు జాకెట్లు, రెండు చున్నీలు, స్కూటరు మీద వేసుకునే ఒక పైచొక్కా, తొమ్మిదేళ్ల కూతురికి పరికిణీ జాకెట్టు జత ఒకటి.

నూలు బట్టలన్నిటినీ చల్లటి నీళ్లలో ఒక రాత్రి నానబెట్టి, పిండకుండా, తువ్వాలు మీద చుట్టి నీరు తీసి, నీడలో పరిచి ఆరబెట్టాను. తీగ మీద వేలాడదీస్తే తడి బరువుకే పాత బట్ట సాగిపోతుంది. పట్టుచీరను తడపలేదు.

సూది, దారం గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ఇంటి దగ్గర ప్రయత్నించేవాళ్లు ఎక్కువగా పొరపాటు చేసేది ఇక్కడే. మామూలుగా నా మిషనుకు 16 నంబరు సూది ఉంటుంది. ఈ పనికి 11 వాడాను. లావు సూది పాత పోగును పక్కకు నెట్టదు, తెంపేస్తుంది. అంగుళానికి 12 కుట్లు వేసే అలవాటు మార్చి 9 వేశాను. దగ్గర దగ్గరగా కుడితే బలం వస్తుందనుకుంటారు కానీ, పాత బట్టలో అది చింపడానికి వీలుగా చిల్లులు వేసిన పోస్టేజీ బిళ్లల కాగితంలా తయారవుతుంది. దారం నూలు దారమే. పాలియెస్టర్ దారం బట్టకంటే గట్టిది. లాగుడు పడినప్పుడు దారం తెగదు, బట్టను కోసేస్తుంది. దారం తెగితే మళ్లీ కుట్టుకోవచ్చు, బట్ట తెగితే ఏం చేస్తాం? కుట్టు పక్కన అర అంగుళం వదిలే చోట ముప్పావు అంగుళం వదిలాను.

లైనింగుకు కొత్త గుడ్డ కొనలేదు. కొత్త నూలు గుడ్డ మొదటి ఉతుకుల్లో కుదించుకుపోతుంది, పాత పంచె ఇక కుదించుకునేది ఏమీ ఉండదు. రెండూ కలిపి కుడితే నెల తిరిగేసరికి పైబట్ట బుడగలు కడుతుంది. వెనకభాగం బాగా పలచబడిన మూడో పంచె ఉందిగా. దాని మంచి భాగాలన్నీ లైనింగుకే కేటాయించాను. మనవాళ్లు పసిబిడ్డను కొత్త బట్టలో కాక, మెత్తబడిన పాత పంచెలో ఎందుకు చుడతారో ఆ గుడ్డను చేత్తో తడిమితే తెలుస్తుంది. ఒంటికి తగిలేచోట దానికి సాటి వచ్చే లైనింగు ఏ దుకాణంలోనూ దొరకదు.

కరక్కాయ రంగు చేసిన నష్టం

రెండో పంచె పెట్టెలో అడుగున ఉన్నది. తెలుపు పోయి పసుపురంగు మచ్చలు పడ్డాయి. దాన్ని మళ్లీ తెల్లగా చేయడానికి బ్లీచింగు వాడనని ముందే అనుకున్నాను, పాత నూలుకు అది విషం. లేత గోధుమరంగు వేస్తే మచ్చలన్నీ అందులో కలిసిపోతాయనిపించింది. పంచె బరువు సుమారు 300 గ్రాములు. అయిదో వంతు లెక్కన 60 గ్రాముల కరక్కాయ పొడి వేడినీళ్లలో కలిపి, చల్లార్చి, పంచె ముంచాను.

అరగంట తర్వాత చూస్తే గోధుమరంగు బట్ట మీద నల్లటి సిరా చుక్కలు. లెక్కపెడితే 11.

అవి వయసు మచ్చలు కావు, పెట్టె తుప్పు. కరక్కాయలోని వగరుకు ఇనుము తగిలితే నలుపు పుడుతుంది. కలంకారీలో నల్లరంగు వేసేది ఇలాగే. కరక్కాయ పట్టించిన బట్ట మీద ఇనుము, బెల్లం ఊరబెట్టిన నీటితో గీస్తారు. ఇది నాకు కొత్త విషయం కాదు. పెట్టెలో నీళ్లు చేరాయని నా పుస్తకంలో నా చేతిరాతే ఉంది. రెంటినీ కలిపి ఆలోచించలేదు. ముందుగా మచ్చల మీద నిమ్మరసం, ఉప్పు రాసి చూసి ఉంటే తుప్పు అయితే కొంతైనా తేలికపడేది, విషయం తెలిసేది.

ఆ రోజు సాయంత్రమే టీచరుగారికి ఫోను చేసి జరిగింది చెప్పాను. "అది నాన్నగారి పంచె కదక్కా" అన్నారు, తర్వాత కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ నిశ్శబ్దం నాకు ఇప్పటికీ గుర్తుంది. కుర్తాకు కూలి తీసుకోనని చెప్పాను. డబ్బుతో తీరేది కాదని నాకూ తెలుసు.

మచ్చల మీద అందమైన ముక్కలు అతికి కప్పేయడం సులువైన దారి. అలా చేయలేదు. తుప్పు పట్టిన నూలు లోపలే చివికిపోతూ ఉంటుంది, పైన ముక్క వేస్తే చిరుగు కనబడకుండా పెరుగుతుంది అంతే. కాగితం మీద కుర్తా భాగాలను అటూ ఇటూ జరిపి చూస్తే ఏడు చుక్కలు కత్తిరింపులో పోయే భాగంలోకి వచ్చాయి. మిగిలిన నాలుగింటిని చుట్టూ అర అంగుళం మంచి బట్టతో సహా కోసి తీసేశాను. ఆ ఖాళీల వెనక ఆకుపచ్చ చీర ముక్కలు పెట్టి, అంచులు ఆకు ఆకారంలో లోపలికి మడిచి చేతికుట్టు వేశాను. పొట్ట మీద రెండు, ఎడమ చేతి మీద ఒకటి, వీపు కింద ఒకటి. నాలుగు ఆకులకు నాలుగు గంటలు పట్టింది.

నల్లబల్ల

మొదటి కుర్తా తెల్ల పంచెది. పొందూరు నూలు సన్ననిది కాబట్టి ఒంటిపొరగా కుడితే లోపల కనబడుతుంది. పై భాగానికి మూడో పంచె లైనింగు వేశాను. కొలత చుడీదారును బట్టి కత్తిరించి, రెండంగుళాలు వదులు ఇచ్చాను. చక్కగా కుదిరింది. టీచరుగారు బడికి వేసుకెళ్లి, తోటి ఉపాధ్యాయులు మెచ్చుకున్నారని చెప్పారు.

మూడో వారం తిరిగి తెచ్చారు. కుడి భుజం వెనక, చంక కుట్టు పక్కన నాలుగంగుళాల చిరుగు. దారం తెగలేదు, కుట్టు ఊడలేదు. కుట్టు పక్కన బట్టే విడిపోయింది. ఎడమ వైపు చెక్కుచెదరలేదు.

ఎందుకు కుడివైపే? పాత బట్ట కాబట్టి పోయిందని అనుకుని అతుకు వేసి ఇచ్చేస్తే కారణం దొరికేది కాదు. ఆవిడనే అడిగాను, బడిలో ఏమేం చేస్తారని. మాట్లాడుతూనే ఆవిడ చెయ్యి పైకెత్తి గాలిలో రాస్తున్నట్టు చూపించారు. లెక్కల టీచరు. రోజుకు అయిదారు పీరియడ్లు నల్లబల్ల మీద రాస్తారు.

చేతులు కిందికి వదిలి ఉన్నప్పుడు వీపు వెడల్పు 14 అంగుళాలు. నేను కత్తిరించింది ఆ కొలతకే. కుడిచెయ్యి తలకంటే పైకెత్తించి మళ్లీ కొలిస్తే పదహారున్నర. రెండున్నర అంగుళాల తేడా ప్రతి పీరియడులోనూ ఆ కుట్టు మీద పడుతోంది. పైగా ముందుభాగం బాగా కనబడాలని పంచెలోని మంచి భాగాన్ని ముందుకు పెట్టి, పడక కుర్చీ వైపు నీలం గీత భాగాన్ని వీపుకు వేశాను. తండ్రిగారి శరీరం అరగదీసిన చోటు, కూతురి శరీరం లాగే చోటు ఒక్కచోట కలిశాయి. అందం కోసం నేనే కలిపాను.

ఎలా సరిచేయాలో ఆలోచిస్తుండగా బల్ల మీద తండ్రిగారి టెర్రికాటన్ చొక్కా కనబడింది. మగవాళ్ల చొక్కాలకు వీపు మీద భుజం పట్టీ కింద ఒక మడత ఉంటుంది. చెయ్యి చాచినప్పుడు అది విచ్చుకుని బట్టను లాగుడు నుంచి కాపాడుతుంది. ఆడవాళ్ల కుర్తాకు ఆ మడత మనం వేయం. చెయ్యి ఎత్తే పని ఆడవాళ్లకు లేదన్నట్టు కుడుతున్నాం. ఇన్నేళ్ల వృత్తిలో నాకు ఈ ఆలోచన రాకపోవడం బాధ కలిగించింది.

చేతులు విప్పేశాను. వీపు ముక్క మొత్తం తీసేసి, పంచెలో మిగిలిన గీత లేని భాగం నుంచి కొత్తది కత్తిరించాను. భుజం మీద రెండు పొరల పట్టీ, దాని కింద నడిమధ్య మూడంగుళాల మడత, రెండు చంకల కింద నాలుగంగుళాల చదరపు ముక్కలు. ఆ చదరపు ముక్క పాతకాలపు లాల్చీలకు ఉండేది. కుర్తాలు శరీరానికి బిగిసేకొద్దీ అది కనుమరుగైంది. మిగిలిన మూడు కుర్తాలనూ ఇదే పద్ధతిలో కుట్టాను. నీలం చీర, మెరూన్ చీర కుర్తాలకు మోకాలి దగ్గర అరిగిన భాగాన్ని పూర్తిగా వదిలేసి, చీర లోపలి కొస నుంచి వీపు, కొంగు దగ్గరి భాగం నుంచి ముందు తీసుకున్నాను. అంచును కిందికి కాకుండా భుజం పట్టీకి వాడాను. చీర మొత్తంలో పడుగు దట్టంగా ఉండి బలంగా మిగిలేది అంచే, లాగుడు పడేది భుజం మీద.

జాకెట్ల గురించి పెద్దగా చెప్పేది లేదు. బిగుతుగా ఉండే బట్టకు పాత గుడ్డ సరిపడదన్నది నా అభిప్రాయం. కాబట్టి మూడింటినీ బాగా బలమున్న వాటినుంచే తీశాను: ఒకటి టాపు నుంచి, ఒకటి ఆకుపచ్చ చీర కొంగు నుంచి, ఒకటి ఖద్దరు చొక్కా నుంచి. కొంగు జాకెట్టులో పసుపు మరక ఎడమచేతి అంచు మీద వచ్చేలా పెట్టమని టీచరుగారే అడిగారు. చొక్కా జాకెట్టుకు తండ్రిగారి గుండీల పట్టీని అలాగే ఉంచాను. మగవాళ్ల చొక్కాలా ఎడమవైపు పైకి వస్తుంది. కావాలంటే మారుస్తానన్నాను, వద్దన్నారు.

రెండు కండువాలు చున్నీకి పొడవు చాలలేదు. చివర్లకు ఆకుపచ్చ చీర అంచు కలిపాను. రెండు టెర్రికాటన్ చొక్కాలు కలిపి స్కూటరుకు పైచొక్కా అయింది. పొలం పనికి వెళ్లే ఆడవాళ్లు చీర మీద మగవాళ్ల పాత చొక్కా తొడుక్కుంటారు కదా, ఎండకు, గీసుకునే ఆకులకు అడ్డుగా. ఇది అదే ఆలోచన. ఒక చొక్కా చేతులను రెండోదాని చేతులకు కలిపి, వేళ్ల దాకా వచ్చేలా చేశాను.

పెళ్లి పట్టుచీర

నలభై ఏళ్లుగా ఒకే మడతల మీద ఉన్న పట్టు అది. ట్యూబులైటుకు పట్టగానే ఏడేసి అంగుళాలకొకటి అడ్డగీతలు, నిలువునా మధ్యలో ఒక గీత, సన్నని వెలుగుదారాల్లా కనబడ్డాయి. మడత మీద పట్టు పోగులు విరిగిపోయాయి. అంచు జరీ మాత్రం దిట్టంగా ఉంది. ఒక పోగు విప్పితే లోపల ఎర్ర పట్టుదారం కనబడింది. అలా ఉంటే వెండి జరీ అని మా వృత్తిలో నమ్మకం. పాత పట్టుచీరలు కొనేవాళ్లు దీన్ని జరీ కోసమే అడిగి ఉంటారు.

పరికిణీ మామూలుగా కుచ్చులు పోసి కుడితే మొదటి పండుగకే ఆ గీతల వెంట విడిపోతుంది. కాబట్టి ప్రతి మడత గీత మీదా కోసేశాను. పరికిణీకి 14 పలకలు తీసుకున్నాను. కుట్టులో పోగా ఒక్కొక్కటి ఆరంగుళాలు, చుట్టుకొలత 84. విరిగిన గీతలన్నీ ఇప్పుడు కుట్టు లోపలికి వెళ్లిపోయాయి. పొడవులో కూడా మధ్య గీత దాకా వెళ్లకుండా అంచు నుంచి 22 అంగుళాలే తీసుకున్నాను. పాపకు కావలసింది 30. పైన మిగతా ఎనిమిదీ మెరూన్ నేత చీర పట్టీ. అది పొడుగు జాకెట్టు కింద దాగిపోతుంది. ఆ పట్టీలో రెండేసి అంగుళాలు పట్టే మూడు మడతలు వేశాను. పాప ఎదిగేకొద్దీ ఒక్కొక్కటి విప్పవచ్చు, పట్టును తాకనక్కరలేదు. పలకలన్నిటినీ పాత పంచె గుడ్డ మీద పరిచి చేతికుట్టుతో అక్కడక్కడా పట్టించాను. బరువు మోసేది పంచె, కనిపించేది పట్టు. అమ్మమ్మ చీర, తాతగారి పంచె ఒకదాని వెనక ఒకటి ఉన్నాయని పాపకు చెబితే లోపలివైపు తిప్పి చూసుకుంది.

జాకెట్టు పట్టుతో కుట్టలేదు. చెమట పట్టే చోట పాత పట్టు నిలవదు. మెరూన్ చీరతో కుట్టి, చేతుల చివర జరీ అంచు వేశాను.

కొంగు కోయవద్దని తల్లిగారు అడిగారు. గజం పొడవున అలాగే తీసి, తెల్లగుడ్డ వేసి, అట్ట గొట్టానికి చుట్టి ఇచ్చాను. పట్టును మడవకుండా చుట్టి దాచితే గీతలు పడవు. మడిచే పెట్టుకోవాలంటే రెండు మూడు నెలలకోసారి తీసి మడత మార్చాలి. కలరా ఉండలు జరీకి తగలకూడదు.

లెక్క

పని జూన్ మధ్యలో మొదలై ఆగస్టు చివరికి అయింది. విప్పడానికి, ఉతకడానికి 16 గంటలు. బలం చూసి కాగితాలు గీయడానికి 6. కత్తిరింపుకు 9. మిషను కుట్టుకు 31. చేతికుట్టుకు 9. మొత్తం 71 గంటలు. ఆకుల అతుకులకు పట్టిన నాలుగు గంటలు, మొదటి కుర్తా తిరిగి కుట్టిన సమయం ఇందులో లేవు, అవి నా తప్పు కిందికి వస్తాయి. దారం, సూదులు, హుక్కులు, గొట్టం, కరక్కాయ పొడి కలిపి 640 రూపాయలు. నాకు అందింది 7,100. ఖర్చు పోగా గంటకు 91 రూపాయలు పడింది.

వస్తువుకు ఇంత అని కూలి చెప్పే పద్ధతిలో ఈ పని చేయలేం. కొత్త గుడ్డకు లేని 22 గంటలు, అంటే విప్పడం, ఉతకడం, చదవడం, కత్తెర పట్టకముందే అయిపోయాయి. ఆ గంటలకు డబ్బు అడగడానికి చాలామంది కుట్టుపనివాళ్లు మొహమాటపడతారు. నేనూ పడ్డాను. అడగకపోతే మాత్రం ఆ గంటల్లోనే కోత పెడతాం, బట్టను చదవకుండా కోస్తాం, మూడో వారం చిరుగుతుంది. ఇప్పుడు మొదటి రోజే గంటల లెక్క చెబుతున్నాను.

బొంతకు పక్కన పెట్టిన నాలుగింటిని తల్లిగారు ఇంటికి తీసుకెళ్లి తానే పొరలు పరిచి కుట్టుకున్నారు. నన్ను సూదికి దారం ఎక్కించి ఇమ్మని మాత్రం అడిగారు, కళ్లు ఆనడం లేదని. ఇరవై సూదులకు ఒకేసారి ఎక్కించి ఇచ్చాను.

పెట్టె వచ్చిన పది నెలలకు

2024 ఏప్రిల్‌లో, వేసవి సెలవుల ముందు, అన్నీ మళ్లీ తెప్పించుకుని చూశాను. తెల్ల కుర్తా ముప్పైకి పైగా ఉతుకులు చూసింది. వీపు మడత దగ్గర గానీ చంకల దగ్గర గానీ చిరుగు లేదు. మెడ అంచున నూలు లేచింది, ఏటవాలుగా కత్తిరించిన పట్టీ వేసి మూశాను. కరక్కాయ కుర్తాలో పొట్ట మీది ఒక ఆకు పక్కన కొత్తగా చిన్న చిల్లు పడింది. తుప్పు నేను కోసినంత మేరకే లేదన్నమాట. ఆకును పెద్దది చేశాను. ఇంకోచోట కూడా పడవచ్చని టీచరుగారికి చెప్పాను. నీలం కుర్తా బాగుంది. మెరూన్ కుర్తా ఆవిడకు ఎందుకో నచ్చలేదు, అక్క కూతురికి ఇచ్చారు. చొక్కా జాకెట్టులో ఒక గుండీ పోయింది. తల్లిగారి దగ్గరున్న ఖద్దరు చొక్కా నుంచి కోసి ఇమ్మంటే ఒప్పుకోలేదు, వేరే గుండీ వేశాను.

పరికిణీ ఫిబ్రవరిలోనే ఒకసారి వచ్చింది. రథసప్తమికి అరసవల్లి వెళ్లారు. క్యూలో ఎవరో అంచు తొక్కారు, పాప ముందుకు నడిచింది. టీచరుగారు భయపడుతూ తెచ్చి బల్ల మీద పరిచారు. రెండు పలకల మధ్య జానెడు విడిపోయి ఉంది. లైటుకు పట్టి చూశాను. తెగింది దారమే. పట్టు పోగు ఒక్కటి కూడా జారలేదు. వాళ్లు కూర్చుని ఉండగానే మళ్లీ కుట్టి ఇచ్చాను.